సున్నం వేసి ఇచ్చిన ఇల్లు

ఇల్లు ఖాళీ చేయమని గేటుకు నోటీసు అంటించిన మర్నాడు మా ఆయన బజారుకు వెళ్లి సున్నం బస్తా కొనుక్కొచ్చాడు.

నేను వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. బండి వెనక కట్టుకొచ్చిన బస్తా దించి, దాని పక్కన బ్రష్షులు పెట్టి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాడికి ఉండే హడావుడి ఉంది ఆ మొహంలో.

"ఏందిది?" అన్నాను.

"సున్నం."

"నాకు కండ్లు కనవడుతున్నయ్. ఎందుకంటున్న."

"మార్చింగ్ ఔట్," అన్నాడు, రోజూ చేసే పనే అన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. చింతపండు చాట పక్కకు తోసి లోపలికి వెళ్లిపోయాను.

మా ఆయన హరిలాల్ ఫౌజులో ఇంజనీర్ రెజిమెంటులో హవల్దారుగా చేసి పెన్షన్ మీద వచ్చాడు. నేను పుష్పాబాయిని. తుంగతుర్తి దగ్గర తండాలో పుట్టినదాన్ని, ఆయన్ని చేసుకున్నాక అంబాలా, జోధ్‌పూర్, దిమాపూర్ తిరిగాను. ఫౌజు క్వార్టరు ఖాళీ చేయడాన్నే మార్చింగ్ ఔట్ అంటారు. బదిలీ కాగితం రాగానే గోడలకు సున్నం వేయాలి, పగిలిన అద్దం మార్చాలి, కారే నల్లా బిగించాలి. ఒక సాబు వచ్చి గది గదీ తిరిగి, స్విచ్చులన్నీ వేసి చూసి, సరేనన్నాకే తాళంచెవి తీసుకుంటాడు. అందరూ అది తప్పక చేస్తారు, మా ఆయన ఇష్టంగా చేసేవాడు. తాను దిగినప్పటికంటే ఇల్లు బాగుండాలి ఆయనకు.

క్వార్టర్లలో ఇంకో పద్ధతి కూడా ఉండేది, అదైతే నాకు ప్రాణం. కొత్తగా దిగిన కుటుంబం మొదటిరోజు పొయ్యి ముట్టించదు. సామానంతా పేర్లు రాసిన నల్ల ట్రంకు పెట్టెల్లోనే ఉంటుంది, అగ్గిపెట్టె ఎక్కడుందో కూడా తెలియదు. పక్క క్వార్టరు ఆడవాళ్లు అన్నమో రొట్టెలో పట్టుకొస్తారు. వీళ్లు సర్దుకున్నాక ఆ క్యారియర్ తిరిగి ఇస్తారు, కానీ ఖాళీగా ఇవ్వరు. దిమాపూర్‌లో వానలో తడిసి దిగితే ఎవరో గఢ్వాలీ ఆమె వేడివేడి కిచిడీ తెచ్చింది. మీరెవరు, మీ కులమేంటి అని అడగలేదు. ఆ కిచిడీ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

అయితే అవి సర్కారు ఇళ్లు. ఇది మా ఇల్లు. సూర్యాపేట శివార్లలో, పెన్షన్‌కు వచ్చినప్పుడు చేతికందినదంతా పోసి కట్టుకున్నది. టేకు తలుపులు ఆయన వడ్రంగి పక్కనే కూర్చుని చేయించాడు. అవి మూసినప్పుడు అయ్యే మెత్తటి చప్పుడు విని ఇంత ఇల్లు నాదేనా అని మురిసిపోయేదాన్ని.

ఆ ఇల్లు పోవడానికి కారణం వరికోత మిషను. మా ఆయనా, ఫౌజులో ఆయనతోపాటు ఒకే ప్లటూన్‌లో చేసిన కోదాడ వెంకటనర్సయ్యా కలిసి కొన్నారు. ఇద్దరి ఇళ్లూ ఒకే అప్పుకు తనఖా పెట్టారు. ఒక బంకరులో పడుకుని లేచినవాళ్లు, ఒకరి కాగితం ఇంకొకరు చదువుతారా? కొన్నదేమో టైర్ల మిషను. ఆ ఏడూ, మరుసటి ఏడూ సరిగ్గా కోతల ముందే వానలు దంచికొట్టాయి. బురద మడిలో టైర్ల మిషను దిగబడిపోతుంది, రైతులంతా చైన్ మిషన్లను పిలుచుకున్నారు. కిస్తీలు ఆగాయి. ఫైనాన్సు వాళ్లు మిషను పట్టుకెళ్లి అమ్ముకున్నారు, అప్పు తీరలేదు. ఆ దెబ్బకు వెంకటనర్సయ్య పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు.

అది యాసంగి కోతల కాలం. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా వరస కట్టే రోజులు. పొద్దంతా ఎండలో ఆ వరసను సర్ది, సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చి, చొక్కా విప్పి నిచ్చెన ఎక్కేవాడు. వాడు వీడు చూసి నవ్వుతున్నారని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. పట్టించుకుంటే కదా!

నవ్వేవాళ్ల సంగతి అట్లా ఉంచండి, నాకు భయమేసింది. ఇల్లు పోయిన మగవాళ్ల గురించి నేను విన్న కథలేవీ మంచివి కావు. మాటామంతీ లేకుండా గోడలు తెల్లగా చేసుకుంటూ పోయే మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? అటక మీదున్న పురుగుల మందు డబ్బా తీసుకెళ్లి ఎదురింటి ఈదమ్మకు ఇచ్చేశాను. చేనుకు పనికొస్తుందని చెప్పాను.

ఈదమ్మ పెద్ద మనిషి, నోరూ పెద్దదే. డబ్బా తీసుకుంటూ, "ఏమే పుష్పా, మీ ఆయనకు ఎండదెబ్బ తగిలిందా ఏంది? పొయ్యే ఇంటికి సున్నమేస్తుండు," అంది.

"ఏమో పెద్దమ్మా, నన్నడుగకు."

"సున్నం గిన్నం కాదు గని, నువ్వొక పని జెయ్. పొయ్యేనాడు గుప్పెడు దుమ్మెత్తి పొయ్యి. మా ఉసురు తాకుతదని గట్టిగ అను. ఇగ సూడు, ఒక్కడు కొంటె నన్నడుగు!"

"పోస్త పెద్దమ్మా. రెండు చేతుల పోస్త," అన్నాను. ఊరికే అనలేదు. పోయాలనే అనుకున్నాను.

మా వైపు వేలం ఇల్లంటే జనానికి జంకు. చూడవచ్చినవాళ్లు గోడలూ గదులూ తర్వాత చూస్తారు, ముందు పక్కింటివాళ్లను అడుగుతారు, ఉన్నవాళ్లు ఎట్లా పోయారని. తిట్టిపోశారంటే చాలు, వచ్చిన దారినే వెళ్లిపోతారు. ఇంటి ధర సగానికి పడిపోతుంది. ఫైనాన్సు వాళ్ల మీద మాలాంటివాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

ఆదివారం నా తమ్ముడు సేవ్యా తండా నుంచి ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ట్రాలీలో గునపం, సుత్తి, తాళ్లు. నిచ్చెన మీదున్న బావను చూసి నోరు తెరిచాడు.

"బావా, దిగు. తలుపులు పీకుదాం. కిటికీలు, ఫ్యాన్లు, మోటరు, అన్ని ఏసుకపోదాం. తండల నీకు కొట్టం కట్టిస్త, గవే తలుపులు పెడుదాం."

"వద్దు సేవ్యా."

"గా ఫైనాన్సోళ్లకు టేకు తలుపులెందుకే?"

"తలుపుల్లేని ఇల్లు ఎవలు కొంటరు?" అన్నాడాయన బ్రష్ ఆపకుండా.

నేనింక ఉండబట్టలేకపోయాను. "ఎవలో కొనుక్కునేతందుకు మనం సింగారిస్తున్నమా? మంచి ధర వస్తె ఫైనాన్సోడు నీకు మెడల్ ఇస్తడా హవల్దార్ సాబ్?"

సేవ్యా అందుకున్నాడు. "ఇంకొకటి చెప్పు బావా. అప్పు ఇద్దరిది. సంతకాలు ఇద్దరివి. కోదాడోళ్ల గేటుకు నోటీసు ఎందుకు అంటియ్యలే? మీ గేటే కనవడ్డదా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన వైపు చూశాను. నిచ్చెన దిగి, బ్రష్ బకెట్లో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి.

"నేనే చెప్పిన. ముందు నా ఇల్లు అమ్మున్రి, తక్కువ పడితేనే వెంకటనర్సయ్య ఇంటికి పోండి అన్న. గా ఫైనాన్సు మేడమ్ ఒప్పుకున్నది. మంచి ధర వస్తె దీంతోనే అప్పు తీరుతది. రాకుంటే వాని ఇల్లు గూడ పోతది."

"నన్నడిగినవా?"

"అడిగితె నువ్వు వద్దంటవని అడగలే."

ఆ పూట నేను అన్న మాటలు ఇక్కడ రాయను. సేవ్యా అంతటివాడే ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు, అది ఇంకా మంటపెట్టింది నాకు. పాతికేళ్లు ఆయన వెనక ట్రంకు పెట్టెలు మోసినదాన్ని. నా ఇంటి సంగతి నాతో అనకుండా ఎట్లా తేల్చేస్తాడు?

మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను. కొట్లాడడానికే పోయాను. బస్సులో దారి పొడవునా ఏమనాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. అప్పు ఇద్దరిదైనప్పుడు కష్టం ఒక్కరిదెందుకని నిలదీయాలి. సగం మీరూ మోయమనాలి.

వాళ్ల ఇంటి ముందు మెట్లు లేవు. మెట్లు తీసేసి సిమెంటుతో ఏటవాలు చేశారు, చక్రాల కుర్చీ ఎక్కడానికి. లోపల బాత్రూమ్ దాకా గోడ పొడవునా పట్టుకుని నడవడానికి ఇనుప పైపు బిగించి ఉంది. ఆ బిగింపు చూడగానే ఎవరి చేతిపనో తెలిసిపోయింది. ఇంజనీర్ రెజిమెంటు పని. నాకు ఒక్క మాటా చెప్పకుండా ఆదివారాలు ఎక్కడికి పోయేవాడో కూడా అప్పుడే తెలిసింది.

వెంకటనర్సయ్య మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు భుజం మీద నా కూతుర్ని కూర్చోబెట్టుకుని పరేడ్ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిన మనిషి. నన్ను చూసి కుడిచెయ్యి ఎత్తబోయాడు, అది లేవలేదు. ఎడమచేతిని నుదుటిదాకా తీసుకెళ్లి, నోరు కష్టపెట్టి "భాభీ" అన్నాడు. ఆ ఒక్క మాటకే చెమట పట్టింది ఆయనకు.

ఆయన భార్య కరుణ మంచినీళ్లు తెచ్చింది. తలుపు పక్కన రెండు నల్ల ట్రంకు పెట్టెలు తాడు కట్టి సిద్ధంగా ఉన్నాయి.

"ఎక్కడికి కరుణా?"

"ఎక్కడికా అక్కా? ఎక్కడికో నాకే తెలియట్లేదు. నోటీసు ఎప్పుడొస్తుందో అని సర్ది పెట్టాను. బయట బండి ఆగితే చాలు, గుండె ఆగిపోతుంది. రోజూ గేటు వైపే చూస్తున్నా." గొంతు తగ్గించింది. "కిరాయికి అడిగాను. మంచాన పడ్డ మనిషంటే ఎవరూ ఇవ్వట్లేదక్కా. పైపు పట్టుకుని ఇప్పుడిప్పుడే నాలుగడుగులు వేస్తున్నారు. ఈ గోడ లేకపోతే ఆ అడుగులు కూడా ఉండవు."

ఆమెకు ఏమీ తెలియదు. ముందు మా ఇల్లు అమ్మమని ఫైనాన్సు వాళ్లకు చెప్పిన సంగతి మా ఆయన ఆమెకూ చెప్పలేదు, వెంకటనర్సయ్యకూ చెప్పలేదు. చెబితే వాళ్లు ఒప్పుకోరు.

"మీ ఇంటి సంగతి ఏమైందక్కా?"

నేను బస్సులో కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. మంచినీళ్లు తాగాను.

"మాదా? మేం ఖాళీ చేస్తున్నం. మాకు ఇల్లు ఖాళీ చేసుడు కొత్తనా ఏంది?" అన్నాను. "నువ్వు గా పెట్టెల తాళ్లు విప్పు. చీరలు మక్కిపోతయ్."

అన్నం పెట్టింది, తిన్నాను. సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన వంటగది గోడకు రెండో పూత వేస్తున్నాడు. కొట్లాట ఇంకా మిగిలుందేమోనని నిచ్చెన మీది నుంచే ఓరగా చూశాడు. నేను కొంగు దోపుకుని, రెండో బ్రష్ తీసుకుని, కింద ఆయన వదిలేసిన వరస మొదలుపెట్టాను. గోడ మూల దాకా వచ్చాం.

"జర పల్చగైంది సున్నం," అన్నాడు చివరికి.

"నీ లెక్క అన్ని చిక్కగ ఉండాల్నంటె ఎట్ల?" అన్నాను. అటు తిరిగి నవ్వుకున్నాడు, భుజాలు కదలడం చూశాను. ఆ తర్వాత, నాతో చెప్పకుండా ఇంకెప్పుడైనా ఏదైనా తేల్చావంటే మాత్రం నిచ్చెన లాగేస్తానని కూడా చెప్పాను. సరేనన్నాడు.

ఆ వారమంతా ఇద్దరమూ పని చేశాం. సేవ్యా మళ్లీ వచ్చి, గునపం పక్కన పడేసి, తిట్టుకుంటూనే ప్రహరీ గోడకు సున్నం కొట్టాడు. హాస్టల్లో చదువుకుంటున్న మా అమ్మాయి దివ్య సెలవు పెట్టి వచ్చి అద్దాలు తుడిచింది. "యాడీ," అంది, మా తండా మాటలో అమ్మా అని. "ఇల్లు కొన్నప్పుడు ఇట్లా కడుక్కుంటారు, పోతున్నప్పుడు మనమొక్కళ్లమే." వాళ్ల నాన్న మూల గది నల్లా విప్పి కొత్త వాషర్ వేస్తున్నాడు. పోలిక ఎక్కడికి పోతుంది, కాసేపటికి అది కూడా స్విచ్చు బోర్డులు ఒక్కొక్కటీ దూదితో తుడవడం మొదలుపెట్టింది.

ఇల్లు అప్పజెప్పే రోజున ఫైనాన్సు ఆఫీసరు దీప్తి వచ్చింది. మా దివ్య కంటే కొంచెం పెద్దదేమో. వెంట పోలీసులు, తాళాలు మార్చే మనిషి. ఏడుపులు, శాపనార్థాలు, ఒక్కోసారి రాళ్లు కూడా చూసి ఉంటుంది పాపం, గేటు బయటే నిలబడి లోపలికి తొంగిచూసింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, గేటు తెరిచి పట్టుకున్నాడు.

"రండి మేడమ్. సంతకం తర్వాత. ముందుగాల ఇల్లు సూడున్రి."

ఆమెను గది గదీ తిప్పాడు. ప్రతి బల్బూ వేసి ఆర్పాడు. ప్రతి ఫ్యానూ తిప్పాడు. నల్లాలు విప్పి కట్టాడు. సంపు మూత ఎత్తి చూపించాడు, మోటరు వాల్వు ఎటు తిప్పాలో చెప్పాడు. పోలీసులు కూడా వెనక వెనకే నడిచి వింటున్నారు. టేకు తలుపు మూసి తెరిచినప్పుడు ఆ మెత్తటి చప్పుడు అయింది. నేను గోడ వైపు తిరిగాను.

"ఇలా ఎవరూ ఇవ్వలేదండి," అంది దీప్తి. "మామూలుగా మాకు తలుపులు కూడా ఉండవు."

"ఒక్కటే అడుగుత మేడమ్. ఏలం కోసం పేపర్ల ఏసే ఫోటోలు జర మంచిగ తీయించున్రి."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆయన్ని చూసింది. కోదాడ ఇంటి సంగతి ఆమెకు తెలుసు కదా. తన ఫోన్‌లో అంతకుముందు తీసిన ఫోటోలు పక్కనబెట్టి, "లైట్లన్నీ వేయండి సార్," అని మళ్లీ మొదటి గది నుంచి తీసుకుంటూ వచ్చింది.

బయట వీధిలో ఆడవాళ్లంతా చేరారు. ఈదమ్మ ముందు వరసలో ఉంది. సామాను ట్రాలీకెక్కింది. తాళంచెవులు మా ఆయన దీప్తి చేతిలో పెట్టాడు. నేను గేటు దాటుతూ ఆగాను. అందరి కళ్లూ నా మీదే. నా కాళ్ల దగ్గర దుమ్ము ఉంది, గుప్పిట నిండా పట్టేంత. పోయాలని ఎంత అనిపించిందో ఆ దేవుడికే తెలుసు. అన్నేళ్ల ఉక్రోషం అరచేతుల్లోకి దిగి వచ్చింది.

వంగాను. ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గేటు పక్కన ఆనించి ఉన్న చీపురు తీసుకుని, సామాను మోసినవాళ్ల కాళ్ల మట్టిని వాకిట్లోంచి బయటికి ఊడ్చాను. చీపురు మళ్లీ దాని చోట పెట్టాను. ట్రాలీ ఎక్కి కూర్చున్నాక ఏడ్చాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మిల్లు యజమాని లారీలు తూచే కాంటా వెనకున్న రేకుల గది ఇచ్చాడు. మా ఆయన ఆ గదిని కూడా నాలుగు మూలలా తిరిగి చూశాడు, విరిగిన కిటికీ రెక్కకు అప్పుడే తీగ కట్టాడు. నాకు కోపం రాలేదు, అలసట వచ్చింది. ఆకలేసింది. ఎవరూ రాలేదు. రావడానికి అక్కడ ఎవరున్నారు? లారీలు, హమాలీలు, ఊక దుమ్ము. ట్రంకు పెట్టెలన్నీ విప్పి, చీరల అడుగున ఎక్కడో ఉన్న అగ్గిపెట్టె వెతుక్కుని, నేనే పొయ్యి ముట్టించాను. ఇల్లు పోయిందని నాకు అసలు తెలిసింది ఆ పూటే.

మిగిలిన రోజులు ట్రాక్టర్ల చప్పుడులో గడిచాయి. ముందు మాది దింపండంటే మాది దింపండని రైతులు తోసుకుంటుంటే, మా ఆయన గట్టిగా అరవకుండానే వరస నిలబెట్టేవాడు. ముసలివాళ్లను నీడకు పంపి, వాళ్ల వంతు వచ్చినప్పుడు తానే పిలిచేవాడు. సొంత గూడు పోయిన మనిషి ఇదంతా ఎట్లా చేస్తున్నాడా అని నేను గది గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఆయన్ని చూసి గర్వపడ్డాను. మొహం మీద చెబితే ఎక్కువ చేస్తాడని చెప్పలేదు.

మృగశిర దగ్గర పడి ఆకాశం మబ్బేస్తుండగా దీప్తి ఫోన్ చేసింది. ఆయన గేటు దగ్గరే ఉన్నాడు, స్పీకర్లో పెట్టాడు.

"సార్, వేలం అయిపోయిందండి. మంచి ధర వచ్చింది. అప్పు మొత్తం తీరింది. కోదాడ వారి కాగితాలు వాళ్లకు తిరిగి పంపిస్తున్నాం. కొన్నవాళ్లు ముందు పక్కింటివాళ్లను అడిగారంట, పాతవాళ్లు ఎలా వెళ్లారని. ఎదురింటి పెద్దావిడ, ఊడ్చి వెళ్లారని చెప్పిందంట. రేపు గురువారం దిగుతున్నారు."

"అచ్ఛా మేడమ్. సంతోషం," అని ఫోన్ జేబులో పెట్టుకుని, ముందున్న ట్రాక్టరును లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. ఆ ట్రాక్టరు లోపలికి పోయాక కాంటా వెనక్కి వెళ్లి, రుమాలుతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. నేను అటు పోలేదు.

గురువారం తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు చేశాను. పప్పు, టమాట పచ్చడి, మజ్జిగ. ఆయన లేచి, నేను ఏం చేస్తున్నానో చూశాడు. ట్రంకు పెట్టెలోంచి ఫౌజు నాటి స్టీలు క్యారియర్ తీసి, కడిగి, నా పక్కన పెట్టి, చొక్కా వేసుకున్నాడు.

మేం వెళ్లేసరికి గేటు ముందు సామాను దించే డీసీఎం వ్యాను ఆగి ఉంది. కొన్నవాళ్లు పెద్దవూర వైపు మనుషులు. రిటైరైన బస్సు డ్రైవరు రాములు, ఆయన భార్య గోపమ్మ. ఆమె వరండాలో మూటల మధ్య నిలబడి ఉంది, ఇంకా లోపలికి అడుగుపెట్టినట్టు లేదు.

"ఎవలమ్మా? పక్కింటోళ్లా?" అంది.

"కాదక్కా. మీకంటె ముందు ఈ ఇంట్ల ఉన్నోళ్లం."

ఆమె మొహం తెల్లబోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె కళ్లు నా చేతుల మీదికి పోయాయి, వాటిలో ఏముందో చూసుకోవడానికి. క్యారియర్ పైకెత్తి చూపించాను.

"దిగిన మొదటిరోజు వంటకు పొయ్యి ముట్టియ్యొద్దు. రొట్టెలు తెచ్చిన. వేడి మీద తినున్రి."

గోపమ్మ అక్కడే మూట మీద కూలబడింది. "మా సుట్టాలంత భయపెట్టిన్రు చెల్లె. ఏలం ఇల్లు, ఉసురు తాకుతది, కొనకున్రి అన్నరు. పాలు పొంగియ్యాల్నంటె చెయ్యాడుతలేదు నాకు," అని కళ్లొత్తుకుంది.

"ఉసురు లేదు, ఏం లేదు," అన్నాను. "మూల గదిల నల్లా మాత్రం జర గట్టిగ తిప్పాలె. ఎన్ని వాషర్లేసినా అది మా ఆయన మాట గూడ ఇనలే."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నా చెయ్యి పట్టుకుని లేచి, నన్ను ముందు నడవమంది. నేను నడవలేదు. కొత్త ఇంట్లోకి ముందు ఆ ఇంటి ఆడమనిషే పోవాలి. ఆమె కుడికాలు పెట్టి లోపలికి పోయాక నేను వెనక పోయాను. గేటు దగ్గర మా ఆయన రాములుకు వాల్వు ఎటు తిప్పాలో చూపిస్తున్నాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కొంచెం దూరం పోయాక ఆయన నా ఒళ్లోకి చూశాడు.

"క్యారియర్ ఏది?"

"ఆడనే ఇడిసిపెట్టిన."

"మరిసిపోయినవా?"

"మరుస్తనా! కడిగి ఇస్త చెల్లె అన్నది. తొందరేం లేదు, సర్దుకున్నంక మిల్లు కాడికి పంపమన్న." కిటికీ వైపు తిరిగాను. "ఖాళీ క్యారియర్ ఎవలన్న తిరిగి ఇస్తరా?"

బయట మొదటి చినుకులు పడుతున్నాయి. కోసిన మళ్లన్నీ తడుస్తున్నాయి. ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, మిర్యాలగూడ వచ్చేదాకా తీయలేదు.